ఆ ఆరు గంటల తరవాత...

మత్తు పదార్థాలుగా ముద్రపడ్డ వాటితో మనోవ్యాధులకు చికిత్స చేయొచ్చా అని ప్రపంచం పరీక్షలు చేస్తోంది. ఆ చికిత్సతో మనిషి నిజంగా మారతాడా అన్నది తత్త్వవేత్తల ప్రశ్న. ఆ ప్రశ్నకు తెనాలి, బాపట్ల, రేపల్లె దారుల్లో పాత చిరునామాలే ఉన్నాయి.

గుంటూరు నుంచి తెనాలి వైపు బయల్దేరిన రైలు వేజెండ్ల దాటాక సంగం జాగర్లమూడిలో ఆగుతుంది. దిగేవాళ్ళు తక్కువ, ఎక్కేవాళ్ళూ తక్కువే. రెండు పక్కలా వరి చేలు, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూసేంత విశేషం ఏమీ కనపడదు. కానీ తత్త్వశాస్త్రం చదువుకున్నవాళ్ళకి ఈ ఊరి పేరు తెలుసు. ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తి 1924లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, తర్వాత యూజీసీకి వైస్ ఛైర్మన్‌గా పనిచేశారు. 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2011లో కన్నుమూశారు.

పదవులూ బిరుదులూ అలా ఉంచితే, ఆయన జీవితమంతా తవ్విన ప్రశ్నల్లో ఒకటి ఇప్పుడు కొత్త బట్టలు కట్టుకుని ప్రపంచమంతా తిరుగుతోంది. ఒక మనిషికి లోపల ఏదో గొప్ప అనుభవం కలిగింది. లోకమంతా ఒక్కటే అనిపించింది. ‘నేను’ అనేదే లేదనిపించింది. సరే... అంతమాత్రాన అతనికి తెలిసింది నిజమేనా? ఆ రోజు నుంచి అతను వేరే మనిషేనా?

ఒకప్పుడు ఈ ప్రశ్న ఆశ్రమాల్లో, వేదాంత సభల్లో వినపడేది. ఇప్పుడు ఆసుపత్రుల్లో వినపడుతోంది.

మాత్ర ఒకటి, మనుషులిద్దరు

సైలోసైబిన్ అనే పదార్థం కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉంటుంది. మన చేలగట్ల మీద వానకు మొలిచే కూర పుట్టగొడుగులు కావవి, ఇంట్లో పెద్దలు కంగారు పడక్కర్లేదు. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో దాన్ని విడదీశాడు. అంతకుముందు ఎల్‌.ఎస్‌.డి.ని తయారు చేసిందీ ఆయనే. 1950ల్లో, 60ల్లో మానసిక వైద్యులు వీటిని రోగుల మీద ప్రయోగించి చూశారు. తర్వాత అవి వీధిలో పడ్డాయి, హిప్పీల చేతికి వెళ్ళాయి, ప్రభుత్వాలు నిషేధించాయి. పరిశోధన మూలపడింది.

అది మళ్ళీ ఊపందుకున్నది 2006లో. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మంది ఆరోగ్యవంతులకు సైలోసైబిన్ ఇచ్చి ఫలితాలు ప్రకటించింది. వారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆ ఒక్కరోజు అనుభవాన్ని తమ జీవితంలోని అయిదు అతి ముఖ్యమైన ఘటనల్లో ఒకటిగా చెప్పారు. పెళ్ళి, బిడ్డ పుట్టడం, తల్లో తండ్రో పోవడం... వాటి పక్కన పెట్టారన్నమాట, ఒక మాత్ర తెచ్చిన మధ్యాహ్నాన్ని!

ఈ చికిత్స పద్ధతి తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇది మందుల షాపులో కొని మింగే వ్యవహారం కాదు. ముందు కొన్ని రోజులు చికిత్సకులు రోగితో కూర్చుని మాట్లాడతారు. భయాలు అడుగుతారు, ఏం జరగొచ్చో చెబుతారు. మందు ఇచ్చే రోజున ఇంట్లో హాలులా సర్దిన గదిలో పడుకోబెడతారు. కళ్ళకు గంతలు, చెవుల్లో సంగీతం. పక్కన ఇద్దరు మనుషులు, ఆరు గంటల పాటు కదలకుండా. రోగి ఏడిస్తే చెయ్యి పట్టుకుంటారు. చాలాసేపు ఊరికే ఉంటారు. ఆ తర్వాత రోజుల్లో మళ్ళీ కూర్చుని, చూసినదాన్ని బతుకుతో కలుపుకోవడం ఎలా అని మాట్లాడతారు. మనసు ఏ స్థితిలో ఉంది, చుట్టూ పరిసరం ఎలా ఉంది... ఈ రెండే మందు పనితీరును నిర్ణయిస్తాయని మొదటినుంచీ ఈ రంగంలో ఉన్నవాళ్ళు చెబుతున్న మాట.

ఫలితాలు ఎలా ఉన్నాయి? ఆశ పుట్టించేలా ఉన్నాయి, అలాగని చంకలు గుద్దుకునేంతగానూ లేవు. 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 59 మంది డిప్రెషన్ రోగుల్లో సైలోసైబిన్‌ని, ఎస్కిటలోప్రామ్ అనే మామూలు మాత్రతో పోల్చి చూస్తే, ఆరు వారాల తర్వాత ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023 జులై 1 నుంచి ఆస్ట్రేలియా ప్రత్యేక అనుమతి పొందిన సైకియాట్రిస్టులకు సైలోసైబిన్, ఎం.డి.ఎం.ఎ. రాసే వీలు కల్పించింది. 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం, ఘోర సంఘటనల తర్వాత వచ్చే మానసిక రుగ్మతకు ఎం.డి.ఎం.ఎ. వాడతామన్న దరఖాస్తును తిప్పికొట్టింది. అక్కడ నిపుణులు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి చాలా సరళం. ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగికి తెలియకూడదన్నది ఔషధ పరీక్షల నియమం. కానీ ఈ మందు వేసుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? గోడలు ఊపిరి పీలుస్తుంటే!

మన దేశంలో ఈ పదార్థాలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. దగ్గర ఉంచుకున్నా జైలే. ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమైన్‌ని మాత్రం కొందరు సైకియాట్రిస్టులు తీవ్రమైన డిప్రెషన్‌కి ఆసుపత్రి పర్యవేక్షణలో ఇస్తున్నారు. విదేశీ పరీక్షల వార్తలు చదివి కొడైకెనాల్ బస్సెక్కే కుర్రాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ పరీక్షల్లో స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు తనకున్నా, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఉన్నా ముందే వడపోసి పక్కన పెడతారు. కొండ మీద పొట్లం కట్టి అమ్మేవాడు ఆ సంగతి అడగడు.

తాడు, పాము

ఇంతవరకూ డాక్టర్ల పని. ఇక్కడినుంచి తత్త్వవేత్తలది. ఈ పదేళ్ళలో పశ్చిమ దేశాల విశ్వవిద్యాలయాల్లో ఈ చికిత్సను, అందులో మనిషి మారడమనే విషయాన్ని పట్టుకుని పనిచేస్తున్న తత్త్వశాస్త్ర పరిశోధకులు బయల్దేరారు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్ లెథబీ 2021లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన ఎత్తుకున్న ప్రశ్న ఇది. చావు దగ్గరపడ్డ క్యాన్సర్ రోగికి మందు ప్రభావంలో విశ్వమంతా ప్రేమే అనిపించి, చావంటే భయం పోయింది. ఆ అనిపించింది అబద్ధమైతే? డాక్టర్లు రోగికి అందమైన అబద్ధాన్ని అమ్ముతున్నట్టే కదా? లెథబీ జవాబు క్లుప్తంగా చెప్పాలంటే... మేలు చేసేది ఆ దర్శనం కాదు, ‘నేను ఇలాంటివాణ్ణి, ఇంతే’ అని మనిషి తన గురించి గట్టిగా పట్టుకున్న బొమ్మ కాస్త వదులవడం. దేవుడు కనపడ్డాడా లేదా అన్న తగువుతో దానికి పనిలేదు.

వేదాంతం చెవిన పడ్డ తెలుగువాడికి ఇది మరీ కొత్తగా అనిపించదు. మసక వెలుతురులో తాడుని చూసి పామనుకున్నవాడి కథ మనకు తెలిసిందే. పాము అబద్ధం. కానీ గుండె దడ నిజం, పట్టిన చెమట నిజం. దాన్నే తిరగేస్తే ఈ చికిత్స. చూసింది అబద్ధమే కావచ్చు, వచ్చిన ధైర్యం నిజం కావచ్చు. కథలో మనవాళ్ళు అక్కడ ఆగలేదు. దీపం తెచ్చి తాడుని చూపించే దాకా వదిలిపెట్టలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సచ్చిదానందమూర్తి 1959లో ప్రచురించిన ‘రివిలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత’ ఈ చోటునే తవ్వుతుంది. శ్రుతి, యుక్తి, అనుభవం... మూడింట్లో దేని బలం ఎంత? శంకరాచార్యులు దేన్ని దేనికి లోబరిచారు? ఆ రోజుల్లో మన దేశపు వేదాంతాన్ని విదేశాల్లో చెప్పేవాళ్ళు అనుభవానికే పెద్దపీట వేసేవారు. మతాలన్నిటి సారం అంతరంగ అనుభవమే, దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదన్నంత వరకూ వెళ్ళేవారు. శంకరుల గ్రంథాలు అంత సులువుగా ఒప్పుకోవు. శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు పెట్టారు. ముందు వినాలి. విన్నదాన్ని తర్కంతో గిలకొట్టాలి. తర్వాత దాన్నే పట్టుకుని నిలవాలి. ఒక సాయంత్రం కళ్ళముందు వెలుగు కనిపించి పోవడం ఈ లెక్కలోకి రాదు.

తమాషా ఏమిటంటే, ఇప్పటి చికిత్సలోనూ మూడు మెట్లే. ముందు మాటలు, మధ్యలో మందు, తర్వాత మళ్ళీ మాటలు. రెండూ ఒకటేనని సంబరపడాల్సిన పనిలేదు. మన పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసు, సోమరసం అంటే ఇదే అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. సోమం ఒక రకం పుట్టగొడుగేనని 1968లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ పుస్తకం రాస్తే, వేద పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఆ గొడవ తేలలేదు. పోలిక ఉన్నది పదార్థంలో కాదు. అనుభవాన్ని ఒంటరిగా వదిలేయకూడదు, ముందూ వెనకా పని ఉండాలి అన్న పట్టుదలలో ఉంది.

అనుభవం ఎలా ఉన్నా పండుని బట్టే చెట్టుని చూడాలన్నది మరో దారి. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో మతానుభవాల మీద రాసిన పుస్తకంలో ఆ దారే పట్టాడు. ఆయనకి సొంత అనుభవమూ ఉంది, నవ్వించే వాయువు అని పేరున్న నైట్రస్ ఆక్సైడ్ పీల్చి చూశాడు. పండు తియ్యగా ఉందో లేదో తేలడానికి మాత్రం ఆరు గంటలు చాలవు. ఏళ్ళు కావాలి.

కాలువల ఊళ్ళో ఇద్దరు

అంగలకుదురు దాటితే తెనాలి. కాలువలు చీల్చుకుంటూ పోయే పట్నం. ‘ఆంధ్రా ప్యారిస్’ అని మురిపెంగా పిలుచుకుంటారు. నాటకాలు, సినిమా తారలు, వికటకవి రామకృష్ణుడు... ఈ ఊరి గురించి చెప్పమంటే ఇవే చెబుతారు. మనిషి తన్ను తాను మార్చుకోవడం గురించి ఈ ఊరు చెప్పే సంగతులు వేరే ఉన్నాయి.

చలం బాల్యం గడిచింది ఇక్కడే. 1894లో మద్రాసులో పుట్టిన గుడిపాటి వెంకటచలం తాతగారికి దత్తుడై తెనాలిలో పెరిగారు. ‘మైదానం’ రాసి తెలుగు ఇళ్ళల్లో నిప్పు పెట్టిన మనిషి 1950లో అరుణాచలం వెళ్ళి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు. చలం మారిపోయాడని కొందరు గుండెలు బాదుకున్నారు. మారలేదు, మొదటినుంచీ వెతికింది అదేనని మరికొందరు వాదించారు. ఈ రెండో మాటలోనే ఎక్కువ నిజం ఉన్నట్టు తోస్తుంది. ఆయన మొదటిసారి రమణాశ్రమానికి వెళ్ళింది 1930ల్లో. అక్కడ స్థిరపడింది 1950లో. మధ్యలో పదేళ్ళకు పైగా తటపటాయింపు. ఆ తటపటాయింపుని లెక్కలోంచి తీసేసి, ‘ఒక్క చూపుతో మారిపోయాడు’ అని చెబితే కథ బాగుంటుంది, మనిషి మాయమవుతాడు.

రమణ మహర్షి విషయం చూసినా అంతే. 1896లో మధురైలో, పదహారేళ్ళ వయసులో, చావు భయం ముంచుకొచ్చి, పడుకుని తన చావుని తానే చూసిన ఆ కాసేపటి గురించి అందరూ చెబుతారు. మందు లేదు, గురువు లేడు. ఇప్పటి పరిశోధకులు ‘నేను కరిగిపోవడం’ అని పిలిచేదానికి మందు లేని ఉదాహరణ. ఆ తర్వాత తిరువణ్ణామలై ఆలయంలో, గుహల్లో మౌనంగా గడిచిన ఏళ్ళ గురించి అంతగా చెప్పరు. చెప్పడానికి అందులో ఘటనలేమీ లేవు మరి.

అదే తెనాలిలో కవిరాజు త్రిపురనేని రామస్వామి కాపురమున్నారు. మునిసిపల్ ఛైర్మన్‌గా చేశారు. పురాణాలను తిరగేసి ప్రశ్నించారు. పెళ్ళి మంత్రాలు తెలుగులో చదివించారు. 1943లో పోయేదాకా ఆయన పోరు ఒకటే... ఎవరో చూశామన్నారని, ఎవరో చెప్పారని నమ్మొద్దు. ఆయన తర్వాత ఎం.ఎన్. రాయ్ హ్యూమనిస్టు ఆలోచనలను తెనాలిలో పాతుకునేలా చేసింది ఆవుల గోపాలకృష్ణమూర్తి. ఆ వరసలో కూర్చున్నవాళ్ళకి సైలోసైబిన్ దర్శనం గురించి చెబితే మొదటి ప్రశ్న ఊహించొచ్చు. ‘నీకు కనపడిందయ్యా, ఒప్పుకున్నాం. పక్కవాడికి చూపించు’ అంటారు. లెథబీ లాంటి వాళ్ళు ఇప్పుడు రాస్తున్నది ఈ రెండు వరసలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నమే. అరుణాచలం వైపు నుంచి అనుభవం, సూతాశ్రమం వైపు నుంచి అనుమానం.

స్టువర్టుపురం స్టేషన్

తెనాలి నుంచి మద్రాసు లైనులో చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటితే బాపట్ల. భావనారాయణస్వామి కొలువైన భావపురి. తెలుగువాళ్ళు తమకో రాష్ట్రం కావాలని 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరుపుకున్నది ఇక్కడే. వ్యవసాయ కళాశాలకి, సూర్యలంక సముద్రానికి పేరు. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. సాయి భక్తుల ఇళ్ళలో పారాయణ గ్రంథంగా ఉండే ‘సాయి లీలామృతం’ రాసిన ఎక్కిరాల భరద్వాజ పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఇంగ్లీషు లెక్చరర్. 1963లో షిరిడీలో కలిగిన అనుభవం తన జీవితాన్ని తిప్పేసిందని ఆయన చెప్పుకున్నారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. ఇద్దరూ కాదనలేనిది ఒకటుంది, ఆ తర్వాత 1989లో పోయేదాకా ఆయన చేసిన పని.

బాపట్ల దాటగానే వచ్చే స్టేషన్ పేరు చూసి రైల్లో పిల్లలు ఇప్పటికీ కిటికీల్లోకి ఎగబడతారు. స్టువర్టుపురం. సినిమాల పుణ్యాన ఆ పేరు తెలియని తెలుగువాళ్ళు లేరు. సినిమాలు చెప్పని సంగతే ఇక్కడ అవసరం.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఫలానా కులంలో పుడితే చాలు, దొంగ కింద లెక్క. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళు ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. బతుకు పోయాక ముద్ర పడింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు వాళ్ళను అప్పజెప్పి, ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. కొందరికి భూమి ఇచ్చారు, కొందరిని చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. ప్రార్థన చేయించారు. లక్ష్యం ఒక్కటే... మనిషిని మార్చడం!

అది మతం మార్పిడిలో వచ్చే అనుభవం కోసమే పుట్టిన సంస్థ. పాపి ఒక్క క్షణంలో రక్షణ పొందుతాడన్నది వాళ్ళ విశ్వాసం. విలియం జేమ్స్ తన పుస్తకంలో పరిశీలించింది కూడా ఇలాంటి క్షణాలనే. కానీ స్టువర్టుపురంలో ఆ క్షణాన్ని నమ్ముకుని ఊరుకోలేదు, చుట్టూ తీగ కట్టారు. చట్టం 1952లో రద్దయింది, ముద్ర రద్దు కాలేదు. 1970ల్లో మళ్ళీ ఇద్దరు వచ్చారు. గోరా కొడుకు లవణం, మహాకవి జాషువా కూతురు హేమలత. భార్యాభర్తలు, విజయవాడ నాస్తిక కేంద్రం మనుషులు. ఊళ్ళోవాళ్ళతో కూర్చున్నారు, పోలీసులతో మాట్లాడారు, పిల్లల చదువు పట్టించుకున్నారు, నేరం వదిలినవాళ్ళకు బతుకుతెరువు వెతికారు. దేవుణ్ణి ఇచ్చి మారుద్దామని వచ్చినవాళ్ళు ఒకరు, దేవుడు లేడని చెప్పేవాళ్ళు మరొకరు... అరవై ఏళ్ళ తేడాతో ఒకే ఊరికి!

మందుతో వచ్చే మార్పుకీ ఈ ఊరికీ ఏమిటి సంబంధం అనిపించొచ్చు. తత్త్వవేత్తలు అడిగే రెండో పెద్ద ప్రశ్న ఇక్కడ నేల మీద కనపడుతుంది. మార్పు ఎవరి ఇష్టం మీద? అమెరికాకు చెందిన ఎల్.ఎ. పాల్ 2014లో ఒక పుస్తకంలో ఈ చిక్కును విడమరిచారు. కొన్ని అనుభవాలు మనిషి ఇష్టాయిష్టాలనే మార్చేస్తాయి. అలాంటప్పుడు ‘నాకు ఇష్టమే’ అని ముందుగా చెప్పే మాటకి విలువెంత? పెళ్ళయి అత్తారింటికి వెళ్ళే పిల్ల సంగతే తీసుకోండి. పదేళ్ళ తర్వాత ఆమెకి ఏవి ముఖ్యమవుతాయో పీటల మీద కూర్చున్న పిల్లకు తెలియదు. సంతకం పెట్టిన మనిషి వేరు, ఫలితం అనుభవించే మనిషి వేరు. మందు చికిత్సలో సంతకం తీసుకోవడంలోని ఇబ్బంది ఇదే. పైగా మందు ప్రభావంలో మనిషి మైనంలా ఉంటాడు, పక్కనున్నవాడు ఏం చెబితే అది అచ్చుపడే ప్రమాదం ఉంటుంది. అలాంటి గదుల్లో చికిత్సకులు హద్దులు మీరిన ఘటనలు విదేశీ పరీక్షల్లో బయటపడ్డాయి కూడా. స్టువర్టుపురంలో 1913లో సంతకమే అడగలేదు. మారాల్సింది ఎరుకలవాళ్ళే అని నిర్ణయించుకున్న ప్రభుత్వం, తన చట్టం మారాలని గుర్తించడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. డిప్రెషన్‌తో వచ్చిన మనిషిని గదిలో పడుకోబెట్టి లోపలి ముడులు విప్పుతున్నప్పుడు, బయట అతని మెడ మీద ఉన్న అప్పు ఎవరు చూస్తున్నారు అని అడగడం అందుకే అసందర్భం కాదు.

పూనకం తెల్లారాక

బాపట్ల నుంచి రేపల్లెకు రైల్లో వెళ్ళాలంటే మళ్ళీ తెనాలి వచ్చి లైను మారాలి. చెరుకుపల్లి మీదుగా రోడ్డే దగ్గర. ఈ దారిలో ప్రతి ఊరికీ ఒక పోలేరమ్మో, అంకమ్మో ఉంది. కొలుపుల్లో పూనకం చూసినవాళ్ళకి ‘మనసు, పరిసరం’ అనే పాఠం ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. డప్పు ఏ దరువు మీద ఉండాలో, ఎవరు చుట్టూ నిలబడాలో, ఎవరు ప్రశ్న అడగాలో, ఎప్పుడు వేపమండలతో నిమిరి చల్లబరచాలో అన్నీ కట్టుదిట్టం. ఊగిన మనిషిని ఒంటరిగా వదలరు. తెల్లారాక ఆమె మామూలుగా పేడకళ్ళెత్తుకుంటుంది, ఎవరూ ఆమెని కొత్త మనిషి అనరు. అనుభవాన్ని గౌరవిస్తూనే దాని హద్దులో దాన్ని ఉంచడం మన పల్లెలకి తెలుసు. అదే రోడ్డు పక్కన ఉమ్మెత్త కూడా పూస్తుంది. దానికి మాత్రం ఏ గదీ, ఏ తోడూ పనిచేయదు. అది చూపించేది దర్శనం కాదు, విషం ఎక్కిన మతిభ్రమ. ప్రాణం తీస్తుంది.

రేపల్లె చేరకముందే తెనాలి లైను మీద భట్టిప్రోలు తగులుతుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో రాతి పేటికలు వెలికితీశారు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు దక్షిణ దేశంలో దొరికిన అతి పాత రాతల్లోవి, క్రీస్తుకు పూర్వం నాటివి. ‘నేను’ అనేది గట్టి పదార్థం కాదని చెప్పిన బౌద్ధం ఈ మట్టిలో అంత పాతది. సచ్చిదానందమూర్తి 1971లో ఆచార్య నాగార్జునుడి మీద కూడా పుస్తకం రాశారు. ‘నేను’ కరిగిపోయిందని మందు వేసుకున్నవాళ్ళు చెప్పే మాటల్ని పరిశోధకులు బౌద్ధంతో పోల్చడం ఇప్పుడు పరిపాటి. పోలికలో జారిపోయే సంగతి ఒకటుంది. బౌద్ధంలో ఆ మాట ఎనిమిది అంగాల మార్గంలో ఒక భాగం. మాట ఎలా ఉండాలి, బతుకుతెరువు ఎలా ఉండాలి అన్నవి కూడా అందులోనే ఉన్నాయి. ఒక్కటి పీకి పట్టుకుపోతే మిగతా ఏడూ ఇక్కడే ఉండిపోతాయి.

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. అక్కడినుంచి పెనుమూడి రేవు. ఒకప్పుడు పడవ దాటాలి, ఇప్పుడు కృష్ణ మీద వంతెన ఉంది, అవతల పులిగడ్డ, దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది ఈ చుట్టుపక్కలకే. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది. అవతలి ఒడ్డున ఊళ్ళకి ఊళ్ళే పోయాయి, ఇవతల రేపల్లె, నిజాంపట్నం తీరమూ దెబ్బతింది. చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్ళు, పట్టు జారిన బిడ్డ చేతిని జీవితాంతం మోసినవాళ్ళు ఈ ఒడ్డుల్లో ఉన్నారు. ఘోర సంఘటనల తర్వాత వచ్చే ఆ మానసిక రుగ్మతకి పి.టి.ఎస్‌.డి. అని అమెరికా వైద్యుల జాబితాలో పేరు పడింది 1980లో. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకి. ఎం.డి.ఎం.ఎ.తో నయం చేయాలని చూస్తున్నది ఆ జబ్బునే. ఇక్కడివాళ్ళు మాత్రం పేరు లేని జబ్బుతో, గాలి పెరిగిన ప్రతి రాత్రీ లేచి కూర్చుంటూ, మళ్ళీ నాట్లు వేశారు, మళ్ళీ వలలు వేశారు. వాళ్ళు నయమయ్యారా, అలవాటు పడ్డారా అన్నది ఎవరూ కొలవలేదు.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్ళలో జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఒక రోగి పక్కన ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు పూటంతా కూర్చునే చికిత్స అలాంటి దేశానికి ఎప్పుడు, ఎలా వస్తుందో ఊహించడం కష్టం. చట్టం సడలినా డబ్బు సడలదు. ఇప్పటికి అందుబాటులో ఉన్నది 14416. టెలి మానస్ అని 2022 అక్టోబర్‌లో కేంద్రం ప్రారంభించిన ఫోన్ సేవ. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు.